పేరు రాసిన గిన్నె: జపాన్ సైనికుల సాకే గిన్నెలను చరిత్ర ఆధారాలుగా చదవడం

పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ఆధారం అరచేతిలో ఇమిడిపోయే ఒక పింగాణీ గిన్నె. జపాన్‌లో 19వ శతాబ్ది చివరి సంవత్సరాల నుండి 1940ల ఆరంభం వరకు, సైన్యంలో గడువు ముగించుకొని ఇంటికి వచ్చిన యువకులు ఇటువంటి గిన్నెలు చేయించి బంధువులకు, ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టేవారు. చాలా గిన్నెల మీద సైనికుని ఇంటిపేరు, అతడు పనిచేసిన రెజిమెంటు, వాటితో పాటు నక్షత్రం, జెండా, పూలు వంటి బొమ్మలు కనిపిస్తాయి. ఇవాళ పాత వస్తువుల సేకర్తలు వీటిని దేశదేశాల్లో కొని దాచుకుంటున్నారు.

తణుకులోనో భీమవరంలోనో ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదువుతున్న మీకు జపాన్ గిన్నెలతో ఏమి పని అనిపించవచ్చు. పని ఉంది. గిన్నె మీద పేరు వేయించి పంచడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే కనుక, ఈ వస్తువు స్వభావం మనకు తేలికగా అర్థమవుతుంది. అంతేకాక ఆ గిన్నెలు ఏ సైన్యానికి గుర్తులో ఆ సైన్యపు యుద్ధం 1942లో మన తీరం దాకా వచ్చింది. ఒక ఆధారం ఏమి చెబుతుంది, ఏ విషయంలో మౌనంగా ఉంటుంది అనే రెండు ప్రశ్నలను ఈ గిన్నె ముందు పెట్టి చూద్దాం.

గిన్నె, పానీయం, ఆచారం

సాకే బియ్యంతో చేసే మద్యం. ఉడికించిన బియ్యానికి కోజీ అనే ఒక రకం బూజు పట్టించి, నీళ్ళు కలిపి, పులియబెట్టి వడకడతారు. మన కల్లులాగా చెట్టు నుండి దిగేది కాదు, సారాలాగా బట్టీ పెట్టి ఆవిరి పట్టేదీ కాదు. దీనిని తాగే వెడల్పాటి లోతు తక్కువ గిన్నెను సకజుకి అంటారు. ముక్కు లేని ప్రమిదకు కింద చిన్న పాదం అతికించినట్లు ఊహించుకోండి, దాదాపు అదే ఆకారం.

జపాన్ సమాజంలో ఈ గిన్నెకు తాగే పాత్రగానే కాక, మాట ఖాయం చేసే వస్తువుగా కూడా గౌరవం ఉంది. సంప్రదాయ వివాహంలో వధూవరులు మూడు గిన్నెల నుండి మూడేసి గుక్కలు తాగుతారు. గిన్నె మార్చుకున్నారంటే బంధం కుదిరినట్లే. మన వైపు తాంబూలాలు పుచ్చుకుంటే సంబంధం ఖాయమైనట్లు లెక్క కదా, ఇదీ అటువంటిదే. సైనికుడు తిరిగి వచ్చి గిన్నెలు పంచినప్పుడు అందుకున్నవారికి ఈ పాత అర్థమంతా గుర్తుండేది.

ఈ గిన్నెలు ఎక్కువగా పింగాణీవి. అరిత, సెతో, కుతానీ వంటి కేంద్రాల పింగాణీ పనికి అప్పటికే పేరుంది. లక్క పూసిన చెక్క గిన్నెలు కూడా ఉన్నాయి. ఈ లక్కను మన ఏటికొప్పాక బొమ్మల లక్కతో పొరబడకండి. అది పురుగు నుండి వచ్చేది, జపాన్‌ది ఒక చెట్టు పాలు. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలోని తూర్పు ఆసియా విభాగంలో జపాన్ పింగాణీని ఒకసారి నిలబడి చూడండి. ఈ పాఠంలో చెప్పే పనితనం ఎటువంటిదో పుస్తకం కంటే అక్కడ బాగా తెలుస్తుంది.

సైన్యం ఇంటిలోకి వచ్చిన దారి

1868లో మెయిజీ పాలన మొదలయ్యేనాటికి జపాన్‌లో ఆయుధం పట్టడం సమురాయిల హక్కు. 1873 జనవరిలో వచ్చిన నిర్బంధ సైనిక సేవా చట్టం దానిని తలకిందులు చేసింది. ఇరవై ఏళ్ళు నిండిన ప్రతి పురుషుడూ, రైతు కొడుకైనా సరే, సైన్యానికి అర్హుడయ్యాడు. అంతకు ముందు సంవత్సరం వెలువడిన ప్రకటనలో ఈ సేవను 'రక్తపు పన్ను' అని వర్ణించారు. పల్లెల్లో కొందరు ఆ మాటను ఉన్నదున్నట్లుగా తీసుకొని, సర్కారువారు మనుషుల రక్తం పిండుతారని భయపడ్డారు. 1873లో జరిగిన అల్లర్లకు చరిత్రలో ఆ పేరే మిగిలింది. కుటుంబ పెద్దకు, వారసునికి, 270 యెన్లు కట్టగలిగిన వారికి మొదట్లో మినహాయింపు ఉండేది. కాబట్టి భారం పేద ఇళ్ళలోని రెండో కొడుకు, మూడో కొడుకు మీద పడింది. 1889 సవరణతో ఈ మినహాయింపులు చాలావరకు పోయాయి.

రక్తం పిండుతారని తిరగబడిన పల్లెలే, ఒకటి రెండు తరాలు గడిచేసరికి, కుర్రవాడు పటాలానికి వెళ్తుంటే పేరు రాసిన పొడవాటి జెండాలు కట్టి సాగనంపాయి. ఇంత మార్పు ఎలా వచ్చింది? పాఠశాలలు, 1894-95లో చైనా మీద, 1904-05లో రష్యా మీద విజయాలు, పత్రికలు, మాజీ సైనికుల సంఘాలు కారణాలని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. నిజమే. కాని అవన్నీ ప్రభుత్వం వైపు నుండి చూసిన కారణాలు. ఇంటి వైపు నుండి ఏమి జరిగిందో చెప్పే ఆధారాలు తక్కువ. గిన్నె విలువ ఇక్కడే ఉంది.

ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోండి. ఈ గిన్నెలలో అత్యధిక భాగం సైన్యం జారీ చేసినవి కావు. కుర్రవాడు వెళ్ళేటప్పుడు ఊరివారు, బంధువులు దారిఖర్చుకు డబ్బు చేతిలో పెట్టేవారు. జపాన్ మర్యాదలో పుచ్చుకున్న కానుకకు తిరుగు కానుక ఇవ్వకపోవడం తప్పు. అందువల్ల గడువు తీరి ఇంటికి వచ్చినప్పుడు సొంత డబ్బుతో గిన్నెలు చేయించి, ఇచ్చిన ప్రతి ఇంటికీ పంచేవాడు. చక్రవర్తి పేరున ఇచ్చిన వెండి గిన్నెలు, లక్క గిన్నెలు వేరే ఉన్నాయి. వాటి మీద పదహారు రేకుల చామంతి ముద్ర ఉంటుంది, అది రాజకుటుంబానికి చెందిన చిహ్నం. సేకర్తలు రెంటినీ ఒకే అలమారలో పెట్టినా, చరిత్ర విద్యార్థి వేరు చేయాలి. ఒకటి రాజ్యం ఇచ్చినది, రెండోది ఇంటివారు ఇచ్చినది.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు ఎలా జరుగుతాయో తలచుకోండి. ఎవరు ఏమి ఇచ్చారో నోటుపుస్తకంలో రాసుకుంటారు, రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి తిరిగి పెడతారు. తణుకులో ఏ స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళినా గిన్నె కొన్నాక పేరు వేయమంటారా అని అడుగుతారు. చుక్కచుక్కలుగా ఇంటిపేరు, పేరు, తేదీ చెక్కి ఇస్తారు. గృహప్రవేశానికి, పెళ్ళికి, పెద్దకార్యానికి పంచే ఆ గిన్నెలు ఇంటింటా అటక మీద ఉంటాయి. వందేళ్ళ తరువాత వాటిని ఒకచోట పోగుచేసి చదివితే ఎవరెవరికి ఏ ఊరితో చుట్టరికమో తేలుతుంది. జపాన్ సైనిక గిన్నె అటువంటి చదివింపుల లెక్కలో ఒక భాగం. పటాలానికి వెళ్ళి రావడం పెళ్ళిలాగా, గృహప్రవేశంలాగా ఊరంతా పంచుకునే ఇంటి వేడుకగా మారిపోయిందని దానివల్ల తెలుస్తుంది. నిర్బంధం అనేది చట్టంలో ఉంది. ఆ నిర్బంధాన్ని జనం తమ మర్యాదలలో కలుపుకున్న తీరు గిన్నెలో ఉంది.

బొమ్మలు, అక్షరాలు

గిన్నెను చదవడం అక్షరాలతో మొదలుపెట్టాలి. పదాతి దళానికి 'నడక' అనే అర్థం గల అక్షరం, అశ్విక దళానికి 'స్వారీ' అనే అర్థం గల అక్షరం రాసి, పక్కన రెజిమెంటు సంఖ్య వేస్తారు. తరువాత సందర్భం: గడువు పూర్తి జ్ఞాపకం, సైన్యం నుండి విడుదల జ్ఞాపకం, విజయంతో తిరిగి వచ్చిన జ్ఞాపకం. చివర ఇంటిపేరు. మొదటి రెండు మాటలు శాంతికాలపు సేవకు చెందినవి. మూడోది యుద్ధం నుండి వచ్చినవారిది.

బొమ్మలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి నాలుగు. ఐదు కోణాల నక్షత్రం సైన్యానిది, టోపీ మీద ఉండేది. లంగరు నౌకాదళానిది. నౌకాదళం గిన్నెలు, విమానదళం గిన్నెలు పదాతి దళం వాటికంటే అరుదు. మూడోది కిరణాలు చిమ్ముతున్న సూర్యుని జెండా. నాలుగోది చెర్రీ పువ్వు.

జెండా గురించి కాస్త ఆగి చెప్పాలి. పదహారు కిరణాలు, ఊదారంగు కుచ్చులు ఉన్న రెజిమెంటు జెండాను 1874 నుండి చక్రవర్తి స్వయంగా ప్రదానం చేసేవాడు. అది పోగొట్టుకోవడం ప్రాణం పోవడం కంటే పెద్ద అవమానం. 1877లో సత్సుమా తిరుగుబాటును అణచే యుద్ధంలో నోగి మరెసుకె అనే అధికారి తన 14వ పదాతి రెజిమెంటు జెండాను శత్రువుకు పోగొట్టుకున్నాడు. తరువాత ఆయన జనరల్ అయ్యాడు, రష్యా యుద్ధంలో పోర్ట్ ఆర్థర్ కోటను పట్టుకున్నాడు, దేశమంతా పేరు పొందాడు. అయినా 1912లో మెయిజీ చక్రవర్తి అంత్యక్రియల నాడు భార్యతో కలిసి ప్రాణత్యాగం చేసుకుంటూ, రాసిపెట్టిన ఉత్తరంలో 35 ఏళ్ళ కిందటి ఆ జెండానే కారణంగా చెప్పాడు. అంతటి బరువున్న గుర్తును ఒక రైతు కొడుకు బంగారు రంగుతో గిన్నె అంచున వేయించి పొరుగింటి ముసలాయనకు ఇచ్చాడు. ఆ ముసలాయన అందులో సాకే పోసుకొని తాగాడు. పవిత్రమైన గుర్తు వాడుక వస్తువు మీదికి దిగిందంటే, జనంలో దాని పట్టు తగ్గినట్లా, పెరిగినట్లా? పెరిగినట్లే అని నా అభిప్రాయం. దేవుని బొమ్మ క్యాలెండరు మీదికి వచ్చిన తరువాత భక్తి తగ్గలేదు కదా.

చెర్రీ పువ్వు సంగతి వేరు. అది పుట్టుకతో సైనిక గుర్తు కాదు. శతాబ్దాలుగా వసంతానికి, ప్రేమకు, పంటకు గుర్తు. వాడకుండా నిండుగా ఉండగానే రాలిపోతుంది, మన పారిజాతంలాగా. ఆ రాలడాన్ని చక్రవర్తి కోసం ప్రాణం వదిలే యువకునికి పోలికగా ఆధునిక రాజ్యం మార్చింది. మానవశాస్త్రవేత్త ఎమికో ఓనుకి-టియర్నీ 2002లో ప్రచురించిన గ్రంథంలో ఈ మార్పును వివరంగా చూపించారు. పాత అందమైన గుర్తులోకి కొత్త అర్థం మెల్లగా చేరితే, చూసేవారికి ఆ మార్పు తెలియకుండానే జరిగిపోతుందని ఆమె వాదన. నాకు అది సరైనదనే తోస్తుంది, ఎందుకంటే ఒక గిన్నెలో చెర్రీ పువ్వు వసంతంగానే ఉంటుంది, మరొక గిన్నెలో అదే పువ్వు మధ్యలో నక్షత్రం ఉంటుంది.

కొన్ని గుర్తులు కాలనిర్ణయానికి పనికివస్తాయి. ఉక్కు హెల్మెట్ ఆకారంలో చేసిన గిన్నె 1930ల నాటిదో ఆ తరువాతిదో అయి ఉండే అవకాశం ఎక్కువ, అంతకు ముందు జపాన్ సైన్యంలో ఆ హెల్మెట్ విస్తృతంగా వాడుకలో లేదు. 'చైనా సంఘటన' అన్న మాట ఉంటే అది 1937 తరువాతిది. పూర్తి యుద్ధానికి సర్కారు పెట్టిన ముద్దుపేరు అది. 1941 డిసెంబరులో ఆ పేరు మారిపోయింది. బంగారు గద్ద కనిపిస్తే 1890లో నెలకొల్పిన బంగారు గద్ద పతకాన్ని గుర్తు చేసుకోండి. ఇతిహాసంలో తొలి చక్రవర్తి జిమ్ము వింటి మీద వాలిన పక్షి అది. పాత జపాన్‌లో అడ్డంగా రాసినప్పుడు కుడి నుండి ఎడమకు రాసేవారు. ఎడమ నుండి కుడికి అడ్డంగా రాసిన 'పాత' గిన్నె ఎదురైతే అనుమానించాలి. ధర పలికే వస్తువుకు నకిలీ తప్పదు. సాదా పాత గిన్నె మీద కొత్తగా నక్షత్రం వేసి అమ్మేవారూ ఉంటారు. పింగాణీ మెరుగు పైన వేసిన బంగారం, వాడకం వల్ల పెదవి తగిలే అంచున అరిగిపోవడం సహజం. ఎక్కడా అరగని బంగారం సేకర్తకు సంతోషం కలిగిస్తే, పరిశోధకునికి ప్రశ్న కలిగించాలి.

తిరిగి రానివారి గిన్నె ఏది?

ఇంతవరకు గిన్నె చెప్పినది విన్నాం. ఇప్పుడు రెండో ప్రశ్న. ఒక వెయ్యి గిన్నెలను పోగుచేస్తే జపాన్ సైన్యం మొత్తం అందులో ఉంటుందా? ఉండదు. గిన్నె పంచాలంటే సైనికుడు ప్రాణాలతో ఇంటికి రావాలి. ఈ ఆధారం పుట్టుకలోనే బతికివచ్చినవారి వైపు మొగ్గు ఉంది. 1907 నుండి పదాతి సైనికునికి రెండేళ్ళ సేవ, తరువాత విడుదల. ఆ శాంతికాలపు ఏర్పాటే గిన్నెల సంప్రదాయాన్ని పోషించింది. 1937 తరువాత విడుదలైనవారిని మళ్ళీ పిలవడం మొదలైంది. 1940 జూలై 7న విలాస వస్తువుల తయారీ, అమ్మకాల మీద ఆంక్షలు వచ్చాయి. పసిఫిక్ యుద్ధం సాగినకొద్దీ ఇంటికి వచ్చేవారు తగ్గిపోయారు, గిన్నెలూ తగ్గిపోయాయి. జపాన్‌లో ఇక కలుసుకోలేమని తెలిసిన వీడ్కోలులో సాకేకు బదులు నీళ్ళు పోసుకొని తాగే ఆచారం ఒకటి ఉంది. 1944 చివర ఆత్మాహుతి విమానాలు ఎక్కిన యువకుల వీడ్కోలులో గిన్నె మళ్ళీ కనిపిస్తుంది. ఆ గిన్నె మీద ఇంటిపేరు లేదు.

అంటే అతి పెద్ద యుద్ధం గురించి ఈ గిన్నెలు అతి తక్కువ చెబుతాయి. ఆ ఖాళీలో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి మనం జపాన్ వదిలి బంగాళాఖాతం ఇవతలికి రావాలి.

ముందుగా, 1905లో రష్యా మీద గెలిచిన జపాన్‌ను మన ప్రాంతం ఎలా చూసిందో గమనించండి. ఒక ఆసియా దేశం ఐరోపా సామ్రాజ్యాన్ని ఓడించిందన్న వార్త వందేమాతరం ఉద్యమ కాలపు యువకులకు ఉత్సాహం ఇచ్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ప్రసంగించాడు, ఆ తరువాత వందేమాతరం బాడ్జీలు ధరించిన కళాశాల విద్యార్థుల మీద చర్యలు తీసుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు. అక్కడ, జపాన్ పల్లెల్లో, విజయంతో తిరిగి వచ్చిన జ్ఞాపకం అని రాసిన గిన్నెలలో సాకే పోస్తున్న రోజులవి. ఆ గిన్నె మీది సూర్యుడు ఆనాడు మనవారికీ ఉదయంగానే కనిపించాడు.

తరువాత 37 ఏళ్ళకు అదే సూర్యుడు వేరుగా కనిపించాడు. కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. గోదావరి, విశాఖ జిల్లాల నుండి వెళ్ళినవారు రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి పనులు చేసేవారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న జపాన్ 33వ డివిజన్ సైన్యం రంగూన్‌లో ప్రవేశించింది. బర్మా నుండి నాలుగైదు లక్షల మంది భారతీయులు, ఓడ దొరకనివారు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన, నడిచి బయలుదేరారు. కలరాతో, ఆకలితో దారిలో పోయినవారి లెక్క ఎవరూ సరిగా రాయలేదు. ఏప్రిల్ 6న ర్యుజో అనే విమానవాహక నౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తణుకు నుండి కాకినాడ రెండు మూడు గంటల ప్రయాణం.

33వ డివిజన్ 1939లో ఏర్పడింది. దాని 213, 214, 215 రెజిమెంట్లకు మితో, ఉత్సునోమియా, తకసకి ప్రాంతాల నుండి మనుషులు వచ్చారు. పాత రెజిమెంట్ల గిన్నెలతో పోలిస్తే ఇటువంటి యుద్ధకాలపు రెజిమెంట్ల గిన్నెలు దొరకడం కష్టం. కారణం మీరు ఇప్పటికి ఊహించే ఉంటారు. ఆ డివిజన్ 1944లో ఇంఫాల్ యుద్ధంలో చితికిపోయింది. తకసకి పల్లెల్లో గిన్నె కోసం ఎదురుచూసిన ఇళ్ళకు చాలావాటికి మరణవార్త వచ్చింది. దండెత్తినవాడి ఇంటిలోనూ ఒక లోటు ఉంది. దీనిని చెప్పడం వల్ల దండయాత్రను మెచ్చుకున్నట్లు కాదు.

మలయాలో, ముఖ్యంగా పేరక్ రాష్ట్రంలోని బాగన్ దతో కొబ్బరి తోటల ప్రాంతంలో, తెలుగు కూలీలు చాలామంది ఉండేవారు. 1942-43లో జపాన్ సైన్యం థాయ్‌లాండ్, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలు మార్గం వేసింది. పనిని నడిపించినవి 5వ, 9వ రైల్వే రెజిమెంట్లు. మలయా తోటల నుండి తరలించిన కూలీలలో తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. ఆసియా కూలీలలో చనిపోయినవారు దాదాపు 90 వేల మంది అని అంచనా. అక్కడే చనిపోయిన బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ యుద్ధఖైదీలకు కాంచనబురిలో శ్మశానవాటిక ఉంది, సమాధి పలకల మీద పేర్లు ఉన్నాయి. కూలీలకు అటువంటివి లేవు. తోటివారికి పంచిన గిన్నె మీద రెజిమెంటు సైనికుని పేరు బంగారంలో ఉండవచ్చు. అటువంటి రెజిమెంటు కింద పట్టాలు మోసినవాడి పేరు ఏ వస్తువు మీదా లేదు. సేకర్త అలమారలో వరుసగా పెట్టిన అందమైన గిన్నెలను చూసేటప్పుడు ఈ తేడా మీ మనసులో ఉండాలి. అలాగని వాటిని పగలగొట్టమని ఎవరూ అనరు. పగలగొడితే ఆ ఒక్క పేరు కూడా పోతుంది.

మన ఇళ్ళలో చూడదగినవి

పేరున్న సైనిక వస్తువులు మన జిల్లాలో కూడా ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుండి రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులు వెళ్ళారు, ఆ ఊరిని మిలిటరీ మాధవరం అనడం మీకు తెలిసిందే. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ యుద్ధ పతకం అంచు మీద సంఖ్య, హోదా, పేరు, దళం అచ్చు వేసి ఉంటాయి. సైనికునికి వెండి పతకం, కూలిదళం వారికి కంచుది. చాలామంది ముందువైపు ఉన్న రాజుగారి తలను మాత్రమే చూసి పక్కన పెడతారు. చరిత్ర ఉన్నది అంచున. జపాన్ గిన్నెకు, ఈ పతకానికి ఉన్న తేడా కూడా గమనించండి. పతకం రాజ్యం మనిషికి ఇచ్చినది. గిన్నె మనిషి తన ఊరికి ఇచ్చినది. బర్మా నుండి వచ్చిన కుటుంబాల పెట్టెల్లో జపాన్ ప్రభుత్వం అక్కడ చలామణి చేసిన రూపాయి నోట్లు దొరికితే వాటినీ జాగ్రత్త చేయండి. 1945లో అవి చిత్తుకాగితాలయ్యాయి. నమ్మి దాచుకున్నవారికి ఎంత పోయిందో చెప్పే సాక్ష్యం అవి.

ఈ పాఠానికి అభ్యాసంగా మీ ఇంటిలోగాని, బంధువుల ఇంటిలోగాని పేరు వేసిన పాత గిన్నె, పతకం, నోటు ఏదైనా ఒకటి తీసుకొని రెండు పుటలు రాయండి. వస్తువు కొలతలు, లోహం, ఉన్న అక్షరాలు యథాతథంగా, తప్పులతో సహా, ముందుగా ఎత్తి రాసుకోండి. దానిని ఎవరు ఎవరికి ఇచ్చారో, ఏ సందర్భంలోనో ఇంటి పెద్దవారిని అడగండి. ఆ సందర్భంలో ఉండి కూడా పేరు పడనివారు ఎవరో కనుక్కోండి. వంట చేసినవారు, పేరు చెక్కినవారు, కానుక తీసుకురాలేనివారు కావచ్చు. పెద్దకార్యంలో పంచిన గిన్నె అయితే, దాని మీది తేదీ మరణించిన రోజుదా, పంచిన రోజుదా అన్నది అడిగి తేల్చుకున్న తరువాతే రాయండి.